బీరన్న నీళ్లు

నకిరేకల్
7 జూలై 1963

మా ఇంటి తొలి పంతులమ్మ చిరంజీవి కౌసల్యకు బాపు రామచంద్రయ్య కడుపునిండ దీవించి రాసేది ఏమంటే, ఇక్కడ నేను, మీ అమ్మ, మగ్గం, ముగ్గురం మంచిగున్నం. వాన ఒక్కటే మొఖం చాటేసింది. నీ పానం ఎట్లున్నదో, అచ్చంపేట నీళ్లు నీకు పడ్డయో లేదో రాయి.

నీ ఉత్తరం బేస్తారం నాడు ముట్టింది. పోస్టు జవాను పైన అడ్రసు చూసే "మీ బిడ్డె చేతిరాత ముత్యాలే రామచంద్రన్నా" అన్నడు. లోపలిది చూస్తే ఏమంటుండెనో! నేను సదువుకున్న, మీ అమ్మకు సదివి వినిపిచ్చిన, పక్కింటి అమృతమ్మ చాట పట్టుకొని వస్తే ఆమెను గూడ కూసుండబెట్టి సదివిన. "పొయ్యి మీద పప్పు మాడుతున్నది, నన్ను ఇడువు అన్నా" అని మొత్తుకున్నా ఇడువలే.

బడిల సైన్సు గది లేదు, గాజు సామాను లేదు అని రాసినవు. అక్కడిదాక సదివేసరికి నా గుండె జారింది. తర్వాత చూస్తే వంటింటినే సైన్సు గది చేసి కూసున్నవు! పసుపు పూసిన కాయితానికి సున్నపు తేట తగిలితే ఎర్రగయితదని, నిమ్మరసం పిండితే మళ్ల పసుపుకే వస్తదని. మందారపువ్వు నలిపిన నీళ్లు పులుపుల ఒక రంగు, సోడల ఒక రంగు అని. నేను అన్ని చేసి చూసిన బిడ్డా. పసుపు మరక పడ్డ ధోతి చాకలి సోడల ఎర్రగయ్యేది చిన్నప్పటికెల్లి చూస్తనే ఉన్న. ఎందుకు అని ఒక్కనాడన్న అడిగిన్నా? నా బిడ్డె అడిగింది, అడిగి పిల్లలకు చెప్తున్నది. మూడో తరగతి కాడ పలక ఇడిచిపెట్టినోని ఇంట్ల గింత సరస్వతి ఎట్ల పుట్టింది!

సున్నపు తేటల బొప్పాయి కాడ పెట్టి ఊదుతుంటే మీ అమ్మ చూసింది. "ఆకుల పెట్టుకొని తినే సున్నాన్ని కాడ పెట్టి తాగవడితివి, నీకు మతి ఉన్నదా లేదా?" అని కాడ గుంజుకున్నది. అప్పటికే నీళ్లు తెల్లగయినయి. "మన ఊపిరిల ఏదో గాలి ఉంటదట, దానికే గిట్లయితదట" అని చెప్తే గిన్నె దిక్కు చూసి, నా దిక్కు చూసి, "నువ్వు ఊదినవు గాబట్టి తెల్లగయింది, నేను ఊదితే అయితదా?" అన్నది. తర్వాత నేను బయటికి పోయి వచ్చేసరికి ఆమె ఊదుతున్నది.

ఆఖరుకు రాసినవు సూడు, దవాఖానల పుండుకు పూసే టింక్చరు చుక్క గంజి మీద పడితే నల్లనీలం అయితదని. పుట్టిన కాడికెల్లి గంజిల బతికిన పద్మశాలోన్ని. గంజిల గింత రంగు దాగున్నదని ఎవ్వడు చెప్పలే. రేపే కాంపౌండరు కాడికి పోయి సీస తెస్త.

నీ బాపు

*

అచ్చంపేట
15 జూలై 1963

బాపుకు, అమ్మకు కౌసల్య దండాలు.

నేను మంచిగున్న. ఇక్కడ వానలు పడుతున్నయి, అడవి దిక్కు కెల్లి వచ్చే పిల్లలు తడిసి ముద్దయి వస్తున్నరు. అయినా సైన్సు గంట ఉన్ననాడు ఒక్కరు గూడ ఎగ్గొట్టరు. ఇంటికాడి కెల్లి చింతపండు, ఉప్పు, పటిక, చిలుము పట్టిన రాగి చెంబులు మోసుకొస్తరు. చింతపండుతోని చెంబు తోమితే ఎందుకు మెరుస్తదో చెప్పిన నాడు ఊరంతట రాగి చెంబులు తళతళలాడినయని పెద్దసారు నవ్విండు.

టింక్చరు తెస్తనన్నవు. పుండ్లకు పూసేది, నోట్ల పెట్టుకోకు. అన్నం మీద, జొన్నరొట్టె మీద, ఆలుగడ్డ ముక్క మీద చుక్క వేసి చూడు, అన్నిటిల పిండి ఉంటది గాబట్టి నల్లనీలం అయితది. చక్కెర మీద కాదు. పాలు చిక్కగ కనబడాలని పిండి కలిపితే గూడ దొరికిపోతది, మొన్న తరగతిల పాలల్ల పిండి మేమే కలిపి చూసినం. రంగు మంచిగ కనబడాలంటే తెల్ల గిన్నెల చెయ్యాలె.

అమ్మ ఊదుడు మానుకున్నదా? నవ్వి నవ్వి సచ్చిన.

మీ కౌసల్య

*

నకిరేకల్
22 జూలై 1963

మా వీధి దీపం కౌసల్యకు బాపు ఎగిరి గంతేసుకుంట రాసేది. నీ సదువు మన వీధికి ఎంత మేలు చేసిందో వింటే నువ్వు అచ్చంపేటల నిలవడలేవు!

టింక్చరు తెచ్చిన. అన్నం నీలం, రొట్టె నీలం, ఆలుగడ్డ నీలం. చక్కెర కాలే. నువ్వు రాసింది రాసినట్టే, అక్షరం తప్పలే. మీ అమ్మ వంటింటికి గొళ్లెం పెట్టుకున్నది, "సీస ఇవతల పెడితెనే తలుపు తీస్త" అన్నది.

తర్వాత పాలు. మనకు పాలు పోసేది ఎవ్వరు? బీరన్న. నువ్వు పొత్తిగుడ్డల ఉన్ననాటి కెల్లి ఆయన బర్ల పాలే. తెల్ల గిన్నె అన్నవు గద, మనింట్ల తెల్లటిది ఒక్కటే పింగాణి గిన్నె. దాన్ని కడిగి, పొద్దుగాల బీరన్న పోసిపోయిన పాలు అండ్ల పోసి చుక్క వేసిన. నీలం! నా కండ్లను నేనే నమ్మలే.

మరునాడు అరుగు మీద అందరిని పిలిచిన. అమృతమ్మ వచ్చింది, బస్సుల కాడ చాయ హోటల్ నడిపే సైదులు వచ్చిండు. ఆయన గూడ బీరన్న పాలే గద కొనేది. మళ్ల అదే గిన్నె కడిగి పాలు పోసి చుక్క వేసిన. మళ్ల నీలం. అందరు నోళ్లు తెరిచిన్రు. అప్పుడే బీరన్న ఖాళీ కావడి భుజాన వేసుకొని వస్తున్నడు.

"ఇటు రా తమ్మీ, నీ పాలు చూసుకో" అన్న.

వంగి చూసిండు. "నా పాలు తెల్లగుంటయి అన్నా."

"పిండి కలిపినవు గాబట్టి నీలమైనయి. నేను చెప్పుడు గాదు, సైన్సు చెప్తున్నది. మా కౌసల్య చెప్తున్నది."

"కౌసల్యమ్మ చెప్పిందా?" అన్నడు. అంతే. కావడి భుజం మార్చుకొని పోయిండు. తప్పు చేసినోనికి నోరెట్ల లేస్తది?

ఇగ సూడు, వీధి వీధంత ఆయన పాలు బంద్ పెట్టిన్రు. సైదులు ఆ దినమే వేరే ఊరి కెల్లి పాలు తెప్పిచ్చుకున్నడు. కనబడ్డోడల్ల "నీ బిడ్డె పోలీసుకంటే ఎక్కువున్నది" అంటున్నడు. నా ఛాతి ఎంత ఉబ్బిందంటే అంగీ గుండీలు పడుతలేవు. మీ అమ్మ ఒక్కతే మూతి ముడుచుకొని "ఇన్నేండ్ల కెల్లి లేని పిండి ఇయ్యాల ఎక్కడిది?" అంటది. ఆమెకు సైన్సు తెల్వదు గద, నువ్వే ఒక ముక్క రాయి.

నీ బాపు

*

అచ్చంపేట
27 జూలై 1963

బాపుకు దండాలు పెట్టి కౌసల్య రాసేది. ఈ ఉత్తరం ముట్టంగనే నేను చెప్పింది చెయ్యి, తెల్లారెదాక ఆగకు.

ఆ పింగాణి గిన్నె ఏది? మగ్గం గుంత పక్కకు పెట్టుకొని, తెగిన పోగులకు గంజి అద్దుతవు, ఆ అంచుకు పెచ్చులు లేచిన గిన్నెనేనా? మనింట్ల ఇంకో తెల్ల గిన్నె ఉన్నట్టు నాకు యాదికి లేదు.

అదే అయితే దాంట్ల ఉట్టి నీళ్లు పొయ్యి. పాలు వద్దు, ఏమి వద్దు. నీళ్లల్ల టింక్చరు చుక్క వెయ్యి. నీళ్లే నీలమైతే పిండి పాలల్ల లేదు, గిన్నెల ఉన్నది.

ఇది ప్రయోగంల మొట్టమొదట చేసే పని బాపూ. ఏమి కలపని నీళ్లు ఏమంటయో చూసినంకనే అసలు దాని జోలికి పోవాలె. పిల్లలకు చెప్పిన, నీకు రాయలే. పిల్లలను నా కండ్ల ముంగట చేపిస్త, నువ్వు చేస్తవని తెలిసి గూడ సగమే రాసిన.

నీళ్లు నీలం కాకపోతే నేనింకేమి అనను. అయితే మాత్రం నువ్వు బీరన్న కాకను అందరి ముంగట అన్నవు, అందరి ముంగటనే నీళ్లు పొయ్యాలె. నా పేరు గూడ చెప్పినవు గద. ఆయన "కౌసల్యమ్మ చెప్పిందా" అన్న మాట కాడ నాకు సదువు సాగుతలేదు.

మీ కౌసల్య

*

నకిరేకల్
5 ఆగస్టు 1963

బిడ్డా కౌసల్యా,

నీళ్లు నీలమైనయి.

పోస్టు జవాను వీధి దాటకముందే పోసి చూసిన. కూసున్న కాడనే కూసున్న. మీ అమ్మ వచ్చి గిన్నెల చూసి ఏమన్నదో తెలుసా? "చన్నీళ్లు తొలిపితే గంజి పోతదా? పెచ్చుల సందుల ఎండిన గంజి నా అత్తగారి కాలం కెల్లి ఉన్నది." అదొక్కటే అన్నది. తిట్టినా బాగుండు.

ఒక్క మాట మాత్రం చెప్తా, నువ్వు కోపం చేసినా సరే. నడుమ ఎన్ని ఊర్లు, ఎన్ని గుట్టలు! అచ్చంపేటల కూసుండి నకిరేకల్‌ల నా గిన్నె పెచ్చులు ఎట్ల చూసినవు బిడ్డా? బీరన్న మంచోడని తేలినందుకు సంబరపడాల్నా, నా బిడ్డె గిన్నెల దొంగను పట్టినందుకు సంబరపడాల్నా, నేను ఎడ్డోన్ని అయినందుకు ఏడ్వాల్నా తెల్వక మూడు చేసిన.

చెప్పినట్టే చేసిన. సైదులును, అమృతమ్మను, వీధోళ్లను అందరిని వెంటబెట్టుకొని బీరన్న బర్ల కొట్టం కాడికే పోయిన. ఆయన గడ్డి వేస్తున్నడు. గిన్నెల ఉట్టి నీళ్లు పోసి చుక్క వేసిన, నీలమైంది. మోదుగాకు దొప్పల ఆయన పాలు పోసి చుక్క వేసిన, జరంత పసుపు మరక తేలింది తప్ప నీలం రాలే. "తమ్మీ, తప్పు నా గిన్నెది, నా తొందరది" అన్న. సైదులు చప్పట్లు కొట్టి "రేపటి కెల్లి పాలు నాకే పొయ్యాలె కాకా" అన్నడు. అమృతమ్మ గూడ "మాకు ఎప్పటిలెక్కనే" అన్నది. నేను అనుకున్న, ఇగ అయిపోయింది, కౌగిలిచ్చుకుంటడు అని.

బీరన్న గడ్డి వేసుడు ఆపలే. "ఇన్నేండ్లు నీ ఇంటి చెంబుల పాలు పోసిన అన్నా. అనుమానమొచ్చిననాడు నువ్వు సీసను అడిగినవు గని నన్ను అడగలే" అన్నడు.

గిన్నె పట్టుకొని బయటికి నడిచిన.

ఆయన భార్య హనుమమ్మ బయటిదాక వచ్చి మెల్లగ చెప్పింది. బర్లను తిరుమలగిరి అంగడిల అమ్మి బిడ్డె అత్తగారూరికి పోదామంటున్నడట. "ఇజ్జత్ పోయినంక ఏ వాకిట్ల నిలవడి పాలో అని పిలుస్త?" అంటడట. దలాలి వచ్చి బర్ల నోరు తెరిచి పండ్లు గూడ చూసిపోయిండట. ఆయనకు నువ్వే చెప్పు బావా అని నన్ను అన్నది. నేను చెప్తే వింటడా? చెడగొట్టిందే నేనాయె.

మూడుసార్లు పోయిన. నన్ను చూసి బర్లను తోలుకొని చెరువు దిక్కు పోతడు. మీ అమ్మ వేరేటోళ్ల కాడ పాలు కొనను పో అన్నది, చాయ బంద్ అయింది, అది పెద్ద మాట గాదు. ఆయన పోతే మాత్రం నేను ఈ వీధిల తలెత్తుకొని తిరుగలేను.

నీకు అన్ని తెలుసు. దీనికి ఏదన్న ప్రయోగం ఉంటే జల్ది రాయి.

నీ బాపు

*

అచ్చంపేట
14 ఆగస్టు 1963

బాపుకు కౌసల్య దండాలు.

దీనికి నా కాడ ప్రయోగం లేదు బాపూ. ఉంటే ముందుగాల నేనే చేసుకుందు. కాకకు నా మొఖం ఎట్ల చూపియ్యాలె అని నాకు గూడ ఉన్నది.

ఒక్క సంగతి రాస్త. ఆయనకు చెప్పాల్నో వద్దో నాకు తెల్వదు. కోపం ఇంకింత పెరిగినా పెరుగొచ్చు. నువ్వే ఆలోచన చెయ్యి.

జరిగిందంత తరగతిల చెప్పిన. నీ పేరు చెప్పలే, ఒక ఊర్ల ఒకాయన అన్న. బీరన్న కాక పేరు మాత్రం చెప్పిన, ఆయన తప్పు చెయ్యలే గాబట్టి. పిల్లలు చెయ్యి ఆడియ్యకుంట విన్నరు. యాదలక్ష్మి అని ఒక పిల్ల ఉన్నది, తండ్రి అడవిల తేనె తీస్తడు. ఆ పిల్ల లేచి "ముందుగాల నీళ్లు పోసి ఉంటే ఆ బీరన్న తాత ఇజ్జత్ దక్కుతుండె గద టీచరమ్మా" అన్నది. అవునన్న.

మరునాడు మందార నీళ్ల ప్రయోగం. సీసలు వరుసగ పెట్టిన్రు, ఒక దాంట్ల నిమ్మరసం, ఒక దాంట్ల సోడ, ఒక దాంట్ల ఉప్పు. ఒక సీస అవతలికి పెట్టి ఏమి కలపలే. ఇదేంది అంటే "బీరన్న నీళ్లు" అన్నది యాదలక్ష్మి. అప్పటి కెల్లి ఏ ప్రయోగం చేసినా అదే. తొందరపడి ఎవ్వరన్న అసలుదాంట్ల చెయ్యి పెడితే తరగతంత ఒక్కసారే అరుస్తున్నరు, "ముందుగాల బీరన్న నీళ్లు!" అని. పక్క తరగతి సారుకు ఏమి సమజ్ కాక కిటికీల కెల్లి తొంగి చూసిండు. ఆయనకు చెప్తే ఆయన గూడ అదే మాట వాడుతున్నడు.

పిల్లలకు పద్ధతి అని చెప్తే ఆ గంటకే మరిచిపోతరు. బీరన్న అని చెప్తే మరుస్తలేరు.

అంగడి ఏ వారం? ఆలోపు ఎట్లన్న ఆపు బాపూ.

మీ కౌసల్య

*

నకిరేకల్
25 ఆగస్టు 1963

నా తల్లీ, నా గురువూ, కౌసల్యా! బాపు నిలవడి రాస్తున్నడు, కూసుంటే ఆగుతలేదు.

నీ ఉత్తరం ముట్టిన మరునాడే అంగడి. సదివి, మీ అమ్మకు గూడ చెప్పకుంట జేబుల పెట్టుకొని కొట్టం కాడికి ఉరికిన. పోయేసరికి బీరన్న బర్లను కడిగి, కొమ్ములకు నూనె రాసి, మెడలకు కొత్త పలుపులు కట్టిండు. అమ్మబోయే గొడ్డుకు కొత్త పలుపు కట్టుడు మన దిక్కు రివాజు గద. హనుమమ్మ గడపల కూసున్నది, కొంగు మొఖానికి అడ్డం పెట్టుకున్నది.

ఈ మాటు చెరువు దిక్కు పోనియ్యలే. దారికి అడ్డం నిలవడ్డ. "నా మాట వినకు తమ్మీ, మా బిడ్డె రాసింది విను, విన్నంక అంగడికి నేనే తోడు వస్త" అన్న.

మొఖం తిప్పుకొని బర్రె వీపు రుద్దుతున్నడు. నేను సదువుడు మొదలుపెట్టిన. తొందరల రెండు లైన్లు ఎగిరిపోయినయి, మళ్ల మొదటి కెల్లి సదివిన. యాదలక్ష్మి అన్న మాట కాడ రుద్దుడు ఆగింది. బీరన్న నీళ్లు అన్నకాడ ఇటు తిరిగిండు.

"మళ్ల సదువు" అన్నడు.

సదివిన.

"పాలోని పేరు కొంటపోయి నీళ్లకు పెట్టిందా నీ బిడ్డె? జిందగీ మొత్తం నీళ్లు కలపకుంట బతికినోన్ని, ఆఖరుకు నేనే నీళ్లయితినా?"

అయ్యో, కోపమొచ్చింది, బిడ్డె చెప్పనే చెప్పింది అనుకున్న. గడపల కిలకిల అని సప్పుడైంది. చూస్తే హనుమమ్మ, కొంగు నోట్ల కుక్కుకొని నవ్వుతున్నది. "మంచిగయింది, ఇంకా బిగుసుకొని కూసో" అన్నది మొగన్ని.

బీరన్న ఆమె దిక్కు కండ్లెర్ర చేసిండు. నన్ను అడిగిండు, "పిల్లలందరు అంటరా?"

"తరగతంత అరుస్తరట. పక్క తరగతి సారు గూడ అంటడట."

"నా మొఖమే చూడలే వాళ్లు."

"చూడలే. మంచోడని మాత్రం వాళ్లకు ఎరుకే."

బర్రె మెడ నిమిరిండు. నేను నోరు మూసుకొని ఉన్న, ఇది ఎంత కష్టమో నీకు తెలుసు. తర్వాత కొత్త పలుపు ముడి విప్పిండు బిడ్డా. ఒకదానిది, ఇంకోదానిది. పాత పలుపులు హనుమమ్మ అప్పటికే పట్టుకొని నిలవడ్డది. తీసుకొని కట్టిండు. దలాలి వస్తే "బర్లు లేవు పో" అన్నడు. ఎదురుంగ బర్లు నిలవడి నెమరు వేస్తున్నయి, ఆ దలాలి మొఖం చూడాల్సింది నువ్వు!

"కౌసల్యమ్మకు రాయి" అన్నడు. "నీళ్లకు నా పేరు పెట్టింది, మంచిదే, ఉండనియ్యి. పాలకు మాత్రం వాళ్ల బాపు పేరు పెట్టొద్దను. ఇరుగుతయి."

నన్ను తిట్టిండు! బిడ్డా, నన్ను తిట్టిండు! ఎన్ని దినాలాయె ఆయన నన్ను తిట్టక. అక్కడనే కండ్లు తుడుచుకుంట నవ్విన. ఆయన నవ్వలే, మూతి మాత్రం ఒక దిక్కు వంకరపోయింది.

పాలు పిండిండు. "చెంబేది?" అన్నడు. తేలే అన్న. "పాలకాడికి వచ్చినోనికి చెంబుండదా? గిన్నెలు, సీసలు మోసుకొని తిరుగుతవు, చెంబు మాత్రం ఉండదు" అని హనుమమ్మ చెంబుల నింపి, పైకెల్లి ఇంకింత కొసరు పోసి, నా చేతిల పెట్టిండు.

ఇంటికొస్తే మీ అమ్మ వాకిట్ల నిలవడి చెంబు మీద మూత తీసి చూసింది. "ఇయ్యి గూడ పరీక్ష చేస్తవా?" అని అడిగింది.

చెయ్యలే బిడ్డా. తొవ్వలనే సగం తాగిన.

నీ బాపు
రామచంద్రయ్య